అరవై గడుల వెనక్కి: ఒక గోడ క్యాలెండరు ఆత్మకథ

ఆత్మకథ ఉత్తమ పురుషలో సాగడం రివాజే అయినా, గోడ క్యాలెండరు తన జీవితాన్ని చెప్పుకొనేటప్పుడు ప్రథమ పురుషను ఆశ్రయించక తప్పదు; దాని గడుల్లో కనిపించే ప్రతి సున్నా, ప్రతి టిక్కు, ప్రతి కొట్టివేతా ఇతరుల చేతి గీతలే గాని, అందులో దాని సొంత రాత ఒక్కటీ ఉండదు. అందుకే 2025వ సంవత్సరానికి చెందిన ఈ తెలుగు క్యాలెండరు తనను 'ఈ క్యాలెండరు' అనే పేర్కొంటుంది. దాని జ్ఞానానికి ఆధారాలు రెండే: తన మీద పడిన గీతలు, తాను వేలాడే గదిలో టీ విరామాల్లో వినిపించిన మాటలు.

ఆ గది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణపు అంచున, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని ఒక కర్మాగారంలో షిఫ్టు పనివారు కూర్చునే గది. ఆ పారిశ్రామిక వాడకు ఈ జిల్లాలోని బీర్సింగ గ్రామంలో 1820లో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరు పెట్టారు. భారీ తవ్వకపు యంత్రాలు తయారుచేసే టాటా హిటాచీ కర్మాగారం కూడా ఈ వాడలోనిదే. ఖరగ్‌పూర్ మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి బాలేశ్వర్, భువనేశ్వర్ దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా చెన్నై వరకు పోతుంది కాబట్టి, ఈ క్యాలెండరు అచ్చయిన నేలకూ వేలాడుతున్న గోడకూ మధ్య ఉన్నది ఒకటే రోడ్డు. అయినా అది వచ్చింది రైల్లోనే: పలాస వైపు నుంచి సంక్రాంతికి ముందు వచ్చిన ఒక బంధువు సంచిలో, జీడిపప్పు పొట్లాల మధ్య చుట్టుకొని.

ఖరగ్‌పూర్‌లో తెలుగువారు ఉండడం వింతేమీ కాదు. పందొమ్మిదో శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనును, తరువాత పెద్ద వర్క్‌షాపును నెలకొల్పినప్పటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలు తరతరాలుగా వచ్చి స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వడానికి ఆమోదం తెలపడంలో ఈ పట్టణపు తెలుగువారి ఉనికికి పెద్ద పాత్ర ఉంది. ఈ గోడ మీదే, ఈ క్యాలెండరు పక్కన ఒక బెంగాలీ క్యాలెండరు కూడా వేలాడుతుంది. తెలుగు క్యాలెండరుకు మార్చి 30న ఉగాదితో విశ్వావసు నామ సంవత్సరం మొదలైతే, పక్కదానికి ఏప్రిల్ 15న 1432వ సంవత్సరం మొదలైంది. రెంటికీ ఒప్పుదలైన తేదీ సెప్టెంబరు 17, విశ్వకర్మ పూజ. ఆ రోజు ఈ వాడలో యంత్రాలకు పూలదండలు వేస్తారు.

ఈ క్యాలెండరు పుట్టింది తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం చెప్పడానికి. కాని దాని జీవితంలో ముఖ్యమైన భాగం అంతా ఒక తెలుగు కార్మికుడు దాని మీద చేసిన వెనక్కి లెక్కకే సరిపోయింది. వెనక్కి లెక్క అంటే చేరవలసిన రోజు నుంచి వెనక్కి నడిచి, ఏ పని ఏ రోజున చేస్తే ఆ రోజు దక్కుతుందో కనుక్కోవడం. దుర్గాపూజ సెలవుల్లో భార్యను, ఇద్దరు పిల్లలను హైదరాబాదుకు తీసుకువెళ్ళి, అక్కడ ఉంటున్న అక్కగారింట్లో దిగి, శివారులోని రావిర్యాల దగ్గర 2016లో ప్రారంభమైన వండర్‌లా అనే వినోద ఉద్యానాన్ని పిల్లలకు చూపించాలన్నది అతని ఆలోచన. వినడానికి చిన్న కోరికే. అయితే అది నెరవేరడానికి కావలసిన ఏర్పాట్లు ఈ క్యాలెండరులో మూడు పేజీలకు వ్యాపించాయి.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. ప్రవేశం వేరు, చోటు వేరు. ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలకు ఈ భేదం పుస్తకం చదవకుండానే తెలుసు, ఎందుకంటే రైల్వే ఉద్యోగికి లభించే పాసు ప్రయాణించే హక్కును ఇస్తుంది గాని పడుకొనే బెర్తును ఇవ్వదు. బెర్తు కోసం పాసు ఉన్నవారు కూడా విడిగా రిజర్వేషను చేయించుకోవలసిందే. థీమ్ పార్కు, అంటే ఒక కథనో లోకాన్నో ఆధారం చేసుకొని ఆటలను, ప్రదర్శనలను అమర్చిన ఉద్యానం, సరిగ్గా ఈ సూత్రం మీదే నడుస్తుంది. గేటు దగ్గర కొన్న టికెట్టు లోపలికి పంపుతుంది. రోలర్ కోస్టరులో కుర్చీ మాత్రం వరుసలో నిలబడి సంపాదించుకోవాలి, లేదా ముందుగా రాయించుకోవాలి.

ఈ స్థితి మొదటి నుంచీ ఉన్నది కాదు. కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో 1955 జులై 17న తెరుచుకున్న డిస్నీలాండ్ తొలినాళ్ళలోనే కూపన్ల పుస్తకాలను ప్రవేశపెట్టింది. చిన్న ఆటకు ఇంగ్లిషు 'ఏ' అక్షరం, అంతకన్న గిరాకీ ఉన్నవాటికి ఆ తరువాతి అక్షరాలు, 1959 నుంచి అన్నిటికన్న గొప్ప ఆటలకు 'ఈ' అక్షరం ఉన్న కూపను చింపి ఇచ్చేవారు. 1982లో ఆ పుస్తకాలను మాని, ఒకే ప్రవేశ రుసుముతో అన్ని ఆటలూ ఆడుకోవచ్చునన్న పద్ధతికి మారారు. ధర తీసేసిన చోట నిరీక్షణే ధర అవుతుంది. డబ్బు చెల్లించనక్కరలేని గొప్ప ఆటకు అందరూ గంటలు చెల్లించడం మొదలుపెట్టారు, వరుసలు పొడవయ్యాయి. ఆ నిరీక్షణను తగ్గించడానికి ఫ్లోరిడాలోని డిస్నీ ఉద్యానాల్లో 1999లో ఫాస్ట్‌పాస్ అనే చీటీ వచ్చింది: యంత్రం ఒక గంట వ్యవధిని అచ్చువేసి ఇస్తే, ఆ వేళకు తిరిగివచ్చినవారు పొట్టి వరుసలో వెళ్ళవచ్చు. దానికి డబ్బు తీసుకోలేదు. సుమారు 2014 నాటికి అదే పద్ధతి ఫోనులోకి మారి, ఉద్యానపు హోటళ్ళలో దిగేవారు 60 రోజుల ముందుగా, ఇతరులు 30 రోజుల ముందుగా మూడు ఆటలను ఎంచుకొనే వీలు కలిగింది. ఇప్పుడు అది డబ్బు చెల్లించే ఏర్పాటు. 2024 జులై నుంచి హోటళ్ళవారికి 7 రోజుల ముందు, ఇతరులకు 3 రోజుల ముందు, అక్కడి ఉదయం 7 గంటలకు ఎంపిక తెరుచుకుంటుంది. అమెరికాలో స్థిరపడి, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను ఒర్లాండోకు తీసుకువెళ్ళే తెలుగు కుటుంబాలు ఆ వేళకు ఫోను పట్టుకొని కూర్చుంటాయి. వేసవిలో అయితే ఆ ఘడియకు ఖరగ్‌పూర్‌లో సాయంత్రం నాలుగున్నర.

ముందస్తు ఏర్పాటు ఎందుకు అవసరమవుతుందో తెలియాలంటే ఆట సామర్థ్యం అన్న మాటను అర్థం చేసుకోవాలి. ఒక కోస్టరు బండిలో 24 కుర్చీలు ఉండి, మూడు నిమిషాలకొకసారి బండి కదిలితే, గంటకు 20 బళ్ళు, అంటే 480 మంది. ఎంత బతిమాలినా 481వ వ్యక్తికి ఆ గంటలో చోటు లేదు. వరుసలో 240 మంది కనిపిస్తే నిరీక్షణ అరగంట. వరుసలో ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగాన్ని నిరీక్షణ కాలంతో హెచ్చించినంత ఉంటుందన్న నియమాన్ని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. అంతకు ముందే 1909లో డెన్మార్కు దేశస్థుడు ఎర్లాంగ్ కోపెన్‌హేగెన్ టెలిఫోను ఎక్స్ఛేంజీ కోసం ఈ శాస్త్రానికి పునాది వేశాడు. ఖాళీగా కదిలిపోయిన కుర్చీని దాచుకొని మరునాడు వాడుకోవడం కుదరదు. రైలు బెర్తు కూడా అంతే, కార్మికుని సెలవు దినమూ అంతే. ముందుగా రాయించుకోవడమంటే కుర్చీని కొనడం కాదు, ఫలానా గంటలోని కుర్చీని కొనడం. ఫోనులో చోటు దొరికినంత మాత్రాన వరుస మాయం కాదు. మనిషి మాత్రం దాని నుంచి బయటికి వచ్చి, తన బదులు ఒక అంకెను అందులో నిలబెడతాడు. ముందుగా రాయించుకున్నవారిని లోపలికి పంపుతున్న కొద్దీ ఏమీ రాయించుకోనివారి వరుస మరింత నిదానంగా కదులుతుందన్న సంగతిని కూడా ఇక్కడ మరువరాదు.

తెలుగువారికి ఈ విద్య అమెరికా నుంచి రానక్కరలేదు. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తులు కూర్చునే గదులను కంపార్ట్‌మెంట్లు అంటారు. రైలు మాట కొండెక్కి దేవుని ఎదుటి నిరీక్షణకు పేరైంది. అక్కడి దర్శనానికి సమయం అచ్చువేసిన సర్వదర్శన టోకెన్లు ఇస్తారు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శన టికెట్లను నెలల ముందే ఆన్‌లైనులో విడుదల చేస్తారు. దర్శనం పుణ్యానికి, కోస్టరు వినోదానికి కాబట్టి రెంటినీ ఒకే తాటిన కట్టరాదనేవారు ఉండవచ్చు. కాని ఇంట్లో క్యాలెండరు ముందు నిలబడి రోజులు లెక్కపెట్టే గృహిణికి రెండు పనులూ ఒకే ఓర్పును కోరుతాయి.

ఇక రైలు విషయానికి వస్తే, ఈ క్యాలెండరు మీద పడిన అతి ముఖ్యమైన గీత దాని గురించే. ఒకప్పుడు రిజర్వేషను అంటే రైలుకొక రిజిస్టరు, చేతిరాత; తిరుగు ప్రయాణపు బెర్తు కోసం ఆ ఊరికి తంతి పంపి జవాబు కోసం చూడవలసి వచ్చేది. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైంది. వేర్వేరు నగరాల కేంద్రాలను కలపడానికి తయారైన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరు 1994లో మొదట సికింద్రాబాదులో పనిలోకి దిగింది. 2002 ఆగస్టులో ఇంటర్నెట్‌లో టికెట్లు వచ్చాయి. ఎన్ని రోజుల ముందుగా బెర్తు రాయించుకోవచ్చునో చెప్పే గడువును ముందస్తు రిజర్వేషను కాలం అంటారు. 2015 నుంచి 120 రోజులుగా ఉన్న ఆ గడువు 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణపు రోజును ఆ లెక్కలో కలపరు. నాలుగు నెలల ముందే బెర్తులు పట్టుకొని చివరికి రద్దు చేసుకొనేవారు ఎక్కువగా ఉండే రోజులకన్న ఇది మేలనే ఈ క్యాలెండరు భావిస్తుంది, ఎందుకంటే నెల షిఫ్టుల పట్టిక కూడా చేతికి రానివాడు నాలుగు నెలల తరువాతి రోజుకు మాట ఇవ్వలేడు.

అతడు ప్రయాణాన్ని సెప్టెంబరు 29 సోమవారం, సప్తమి నాటికి నిర్ణయించుకున్నాడు. ఉదయం హౌరాలో బయలుదేరే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ దాటి మరునాటి ఉదయానికి సికింద్రాబాదు చేరుతుంది. సెప్టెంబరు గడుల మీద వేలు పెట్టి వెనక్కి జరుపుతూ, ఆగస్టు పేజీని దాటి, జులై 31 దగ్గర ఆగి, ఆ గడి చుట్టూ ఎర్ర బాల్‌పెన్నుతో సున్నా చుట్టి, పక్కన '8' అని రాశాడు. ఉదయం ఎనిమిది గంటలకు బుకింగు తెరుచుకుంటుందని దాని అర్థం. తిరుగు ప్రయాణం అక్టోబరు 3న కాబట్టి దాని గడి ఆగస్టు 4. ఒకే కుటుంబం, ఒకే విహారం. కాని వెళ్ళడానికీ తిరిగి రావడానికీ రెండు వేర్వేరు ఉదయాలు కావాలి. వెళ్ళడానికి బెర్తు దొరికి, రావడానికి దొరకకపోతే ఏమిటన్న సందేహంలో గడిచే ఆ నాలుగు రోజులు ఈ క్యాలెండరు చూసిన అన్ని రోజుల్లోకీ బరువైనవి.

జులై 31న అతనిది మొదటి షిఫ్టు, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు. ఎనిమిది గంటలకు అతడు యంత్రం దగ్గర ఉంటాడు, ఫోను లాకరులో ఉంటుంది. ముందస్తు రిజర్వేషను పద్ధతులన్నిటిలోనూ ఉన్న లోపం ఈ గదిలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఆ పద్ధతులు అందరికీ ఒకే ఘడియను ఇస్తాయి, ఆ ఘడియ తన చేతిలో ఉన్నవాడు గెలుస్తాడు. తన గంటలను జీతానికి ఇచ్చినవాడు, ఎంత ముందుగా లెక్కపెట్టినా, ఎనిమిది గంటలకు ఓడిపోతాడు. అంతకు ముందు ఏడాది ఆ కుటుంబం అలాగే ఓడిపోయిందని టీ విరామంలో వినిపించింది: బుకింగు చేయడానికి ఇంట్లో భార్య సిద్ధంగా కూర్చున్నా, డబ్బు చెల్లించే సమయంలో బ్యాంకు పంపిన ఓటీపీ, అంటే ఒక్కసారికే పనికివచ్చే అంకెల గుర్తు, లాకరులోని ఫోనుకు వచ్చింది, దాని గడువు తీరేసరికి బెర్తులు వెయిటింగ్ లిస్టులోకి జారిపోయాయి. వెయిటింగ్ లిస్టు అంటే ఎవరైనా రద్దు చేసుకుంటే దొరికే చోటు; దానికి పైమెట్టు ఆర్ఏసీ, అందులో పక్క వైపు కింది బెర్తును ఇద్దరు పంచుకొని కూర్చోవలసి వస్తుంది. ఆన్‌లైనులో కొన్న టికెట్టు చార్టు తయారయ్యే నాటికి కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. ఆ ఏడాది పిల్లలు సంచులు సర్దుకొని, మళ్ళీ విప్పారు.

కాబట్టి ఈసారి లెక్క మారింది. భార్య పేరనే ఖాతా తెరిచారు, ఆమె ఫోనులోనే యూపీఐ పెట్టారు, నలుగురి పేర్లు, వయసులు ముందే నింపి ఉంచారు. ఈ ఏర్పాట్లన్నీ జరిగిన రోజులు కూడా ఈ క్యాలెండరు మీద చిన్న చిన్న టిక్కులుగా ఉన్నాయి. జులై 31న రెండు గంటలకు షిఫ్టు దిగి గదిలోకి వచ్చిన అతడు లాకరు తెరిచి, ఫోను చూసి, ఏమీ మాట్లాడకుండా నేరుగా గోడ దగ్గరికి వచ్చి ఎర్ర సున్నా లోపల ఒక టిక్కు పెట్టాడు. నాలుగు బెర్తులూ ఖాయమైనాయి. ఆగస్టు 4 గడిలోని టిక్కు భార్య చెప్పినదాన్ని విని పెట్టినది. అందులో రెండు బెర్తులు ఒక బోగీలో, రెండు మరో బోగీలో.

హైదరాబాదునే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న గదిలో చాలాసార్లు వచ్చింది. కోల్‌కతా సాల్ట్ లేక్‌లో 1991లో తెరిచిన నిక్కో పార్కుకు హౌరా లోకల్ ఎక్కి ఏ రిజర్వేషనూ లేకుండా పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు. 2024లో వండర్‌లా భువనేశ్వర్‌లో కూడా తెరుచుకుంది. అది ఇదే తూర్పు తీరపు రైలు మార్గం మీద, హైదరాబాదు దూరంలో నాలుగో వంతు కూడా ఉండదు. సౌకర్యాన్ని బట్టి చూస్తే ఆ సలహాలే సరైనవి. అయితే అక్కగారిల్లు భువనేశ్వర్‌లో లేదు, దసరాకు పిల్లలు తమ బావలతో కలిసి తెలుగు మాట్లాడే ఊరూ అది కాదు. ప్రణాళికను గురించిన గ్రంథాలు దూరాన్ని, ఖర్చును లెక్కిస్తాయి గాని, ఈ కారణాన్ని ఎక్కడ రాసుకోవాలో చెప్పవు. ఈ క్యాలెండరు మీద అది సెప్టెంబరు 30 గడిలో 'అక్క' అన్న రెండక్షరాలుగా ఉంది.

ఉద్యానపు రోజుకు అక్టోబరు 1 బుధవారం ఖాయమైంది. మరునాడు దసరా, గాంధీ జయంతి కలిసి వచ్చాయి కాబట్టి జనం మరింత ఉంటారని అంచనా. ఆ తేదీకి ప్రవేశ టికెట్లు ఆన్‌లైనులో ముందే కొన్నారు. అక్కడ ఫాస్ట్‌ట్రాక్ అనే ఎక్కువ ధర టికెట్టు కూడా ఉంటుంది, అది కొన్నవారికి వేరే పొట్టి వరుస. నలుగురికి అది కొంటే రైలు ఛార్జీలను మించుతుందని లెక్క వేసి, వారు దాని బదులు వేళను వాడుకోవాలని నిశ్చయించుకున్నారు: గేటు తెరిచే సమయానికే చేరడం, గిరాకీ ఎక్కువగా ఉండే కోస్టర్లను మొదటి గంటలోనే ముగించడం, అందరూ భోజనాలకు వెళ్ళే వేళ మరో పెద్ద ఆటకు పోవడం, నీటి ఆటలను ఎండ ముదిరాక పెట్టుకోవడం. రీకాయిల్ అనే కోస్టరు ముందుకు పోయి, అదే పట్టాల మీద వెనక్కి తిరిగి వస్తుంది. దాని మీద ఒక బండి పూర్తిగా తిరిగివచ్చేదాకా మరో బండి కదలలేదు కాబట్టి వరుస నిదానంగా సాగుతుంది, అందువల్ల దానికి మొదటి చోటు ఇచ్చారు. రైల్వే పట్టణంలో పెరిగిన పిల్లలకు ఒంటి లైను మీద రెండు బళ్ళు ఎందుకు నడవవో వివరించనక్కరలేదు.

ఎత్తు విషయం మాత్రం ఆలస్యంగా గుర్తుకు వచ్చింది. వేగంగా తిరిగే ఆటల్లో భుజాల మీదికి దిగే అడ్డుకమ్మీ శరీరాన్ని సరిగా పట్టి ఉంచాలంటే మనిషికి కనీసం ఇంత ఎత్తు ఉండాలన్న నియమం ఉంటుంది. అది భద్రత కోసం పెట్టినది కనుక బతిమాలుకోవడానికి వీల్లేదు, డబ్బు కట్టినా మారదు. వెనుక ఒకసారి వేరే ఊరి ఉద్యానంలో చిన్నపిల్ల గంటసేపు వరుసలో నిలబడి, చివరికి కొలకర్ర దగ్గర నాలుగు వేళ్ళు తక్కువై ఒంటరిగా వెనక్కి నడిచి వచ్చిందట. అందుకే ఆగస్టు పేజీ అంచున రెండు అంకెలు కనిపిస్తాయి, పిల్లలిద్దరి ఎత్తులు సెంటీమీటర్లలో. చిన్నదాని అంకె పక్కన ఆమెకు అనుమతి ఉన్న ఆటల పేర్లు విడిగా ఉన్నాయి. ఈ క్యాలెండరు మీద ఉన్న రాతలన్నిటిలోనూ అతి జాగ్రత్తగా రాసినవి అవే.

సెలవు చీటీ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. పూజ సెలవులకు రెండు పక్కలా మరొక్కో రోజు కావాలి. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ ప్రసాదం పంచే వేళ, సూపర్‌వైజరు ప్రసన్నంగా ఉండగా సంతకం జరిగింది. ఒక బెంగాలీ సహోద్యోగి ఆ రెండు షిఫ్టులనూ తాను చేస్తానని ఒప్పుకున్నాడు, బదులుగా కాళీపూజ నాటి రాత్రి షిఫ్టు అతని బదులు ఇతడు చేయాలి. ఆ ఒప్పందం తెలుగు క్యాలెండరు మీదా, పక్కనున్న బెంగాలీ క్యాలెండరు మీదా ఒకే గుర్తుతో నమోదైంది; ఎవరి పండుగకు ఎవరు చోటిచ్చారో రెండు గోడకాగితాలూ సాక్ష్యం చెబుతాయి.

సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 3 వరకు గడులు, 'అక్క' అన్న ఆ రెండక్షరాలు తప్ప, ఖాళీగా ఉన్నాయి. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1072.5 మీటర్ల పొడవుతో 2013 వరకు ప్రపంచంలో అతి పొడవైనదిగా పేరొందింది. ఆ పొడవునా వారు సంచులు మోసుకుంటూ తమ బోగీ ఆగే చోటికి నడిచి ఉంటారు. ఆ రోజుల గురించి ఈ క్యాలెండరుకు తెలిసింది తిరిగివచ్చాక విన్నదే: రీకాయిల్ మొదటి గంటలోనే అయింది, చిన్నపిల్ల తనకు అనుమతి ఉన్న ఆటలన్నీ ఆడింది, ఒక వరుసలోనూ ఆమెను వెనక్కి పంపలేదు. తిరుగు రైల్లో పక్క బోగీలోని ప్రయాణికుడొకరు చోటు మారడానికి ఒప్పుకోవడంతో నలుగురూ ఒకచోటే పడుకున్నారు.

అక్టోబరు పేజీ తిప్పిన రోజున అతడు మళ్ళీ గోడ ముందు నిలబడ్డాడు. సంక్రాంతికి ఊరు వెళ్ళాలి, ప్రయాణం 2026 జనవరి 12న. ఆ తేదీ ఈ క్యాలెండరులో లేదు. అది ఉన్న క్యాలెండరు ఇంకా పలాస వైపు నుంచి రాలేదు. అయినా బుకింగు రోజు మాత్రం ఈ క్యాలెండరులోనే పడుతుంది. డిసెంబరు చివరి గడికి అవతల గోడ మీద పన్నెండు గడులను వేలితో ఊహించుకొని, అక్కడి నుంచి వెనక్కి జరుపుకుంటూ వచ్చి, నవంబరు 13 గురువారం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన '8' అని రాశాడు.